గొడ్ల పేరున పోసిన గంజి

పదిహేనేళ్లు దాటింది. మింగలేక, కక్కలేక ఒక సంగతిని మోస్తున్నాను. నన్ను సేవ చేసేవాడంటారు. సభల్లో ముందు వరసలో కూర్చోబెడతారు. నా గురించి నాలుగు మంచి మాటలు చెబుతుంటే నేను తల వంచుకుంటాను. అది వినయం అనుకుంటారు. కాదు. ఎవరైనా లేచి నిలబడి ఆ ఊరి పేరు ఎత్తుతారేమోనన్న భయం. ఇన్నేళ్లలో ఎవరూ ఎత్తలేదు. ఎత్తవలసిన మనుషుల్లో ఒకరు పోయారు, ఇంకొకరు ఎక్కడున్నారో తెలియదు. కాబట్టి నేనే ఎత్తాలి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. కూర్చుని చదవండి, చాలు. మధ్యలో నన్ను ఓదార్చకండి.

యాభైల మొదట్లో మా అనంతపురం జిల్లాకు వరసగా కరువులొచ్చాయి. మాకు కరువు కొత్త కాదు. కానీ ఆ సారి వేరుశనగ విత్తనం భూమిలోనే మాడిపోయింది, బావులు అడుగంటాయి, జనం గొడ్లను సంతకు తోలి వచ్చిన ధరకు వదిలేసి వచ్చారు. ఊళ్లలో గంజి కేంద్రాలు తెరిచారు. నేను అప్పుడు కాలేజీలో చదువుతున్నాను. చదువు పక్కన పెట్టి వాలంటీరుగా పేరిచ్చాను. శింగనమల దిక్కున ఒక చిన్న ఊరికి పంపించారు. పేరు చెప్పను, ఆ ఊరు చేసిన తప్పేమీ లేదు.

బియ్యం, నూకలు కోస్తా జిల్లాల నుంచి వచ్చేవి. అక్కడ కూడా మావంటి వాళ్లే జోలెలు పట్టుకుని వీధివీధీ తిరిగి, ఇంటికో గుప్పెడు అడిగి, మూటలు కట్టి రైలెక్కించేవాళ్లు. ఇక్కడ మేము దించుకుని, బండ్ల మీద వేసుకుని, వండి పోసేవాళ్లం. నాతో ఇంకో ఇద్దరు ఉండేవాళ్లు. పెత్తనం నాది. గరిటె కూడా నా చేతిలోనే ఉండేది. పొద్దున్నే కంపతో మంట పెట్టి, పొగకు కళ్లు మండుతుంటే నూకలు కలియబెట్టి, జనం చెంబులూ ముంతలూ పట్టుకుని వరసగా వస్తుంటే పోస్తూ ఉండేవాణ్ని. ఒక మాట ఇప్పుడే ఒప్పుకోవాలి. ఊరంతా ఎండిపోతుంటే నేను మాత్రం హుషారుగా ఉన్నాను. ముసలివాళ్లు నన్ను చూసి దండం పెడుతుంటే నాకు బాగుండేది. ఇరవై రెండేళ్ల వాడికి అంత గౌరవం మరెక్కడ దొరుకుతుంది?

ఆ వరసలోకి కూలి పనులు చేసుకునే వాళ్లు వచ్చేవాళ్లు, గొర్రెలు కాచుకునే వాళ్లు వచ్చేవాళ్లు. సొంత భూమి ఉన్న రైతుల ఇళ్ల నుంచి మాత్రం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. వాళ్ల ఇళ్లలో గింజలున్నాయని కాదు. నిన్నటిదాకా తమ కళ్లంలో పని చేసిన వాళ్ల వెనక ముంత పట్టుకుని నిలబడటం వాళ్ల వల్ల కాలేదు. పట్నం వాళ్లకు ఇది పొగరులా కనిపిస్తుంది. నేను ఈ నేల మీద పుట్టిన వాణ్ని, నాకు అలా కనిపించలేదు.

కుడితి సంగతి కూడా చెప్పాలి. మా వైపు ఎవరింట్లోనైనా పశువు ఉంటే, వాళ్లు ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి బియ్యం కడిగిన నీళ్లు, మిగిలిపోయిన గంజి అడిగి తెచ్చుకుంటారు. దాన్ని అడుక్కోవడం అనరు. పోసేవాళ్లు దానం చేశామనుకోరు, పోయించుకునేవాళ్లకు నామోషీ ఉండదు. అడిగేది గొడ్డు కోసం కదా. మా కేంద్రంలోనూ ఒక పక్కన తొట్టి ఉండేది. గుండిగలు కడిగిన నీళ్లు అందులో పోసేవాళ్లం. ఇంకా ఒకటో అరో పశువు మిగిలిన వాళ్లు వచ్చి ముంచుకుపోయేవాళ్లు.

రామక్క అలా వచ్చింది. అదే ఊళ్లో ఒకప్పుడు బాగా బతికిన రైతు ఇంటి కోడలు. నలభైకి దగ్గరగా ఉంటుంది. మొగుడు పని వెతుక్కుంటూ మైసూరు వైపు వెళ్లాడు, కబురు లేదు. పిల్లలు లేరు. ఇంట్లో ఆమె, మంచాన పడిన ఆమె మామ. ఆయన్ని ఊరంతా పెద్దాయన అనేవాళ్లు. గంజి పోయడం అయిపోయి, జనం పలచబడ్డాక ఆమె ఒక కుండ చంకన పెట్టుకుని వచ్చింది.

"మా ఆవుకు రోంత కుడితి పోస్తావా అప్పా? మేత ల్యాక లేసి నిలబడల్యాకుండాది" అంది.

నీళ్ల బావికి నేను రోజూ ఆ ఇంటి మీదుగానే పోయేవాణ్ని. కొట్టంలో ఆవు లేదు. చాలా రోజులుగా లేదు. నేల మీద పేడ ఎండి బెరడు కట్టి ఉండేది. తొట్టి దగ్గరికి పోబోయి ఆగాను. కుండ లోపలికి చూశాను. బూడిద పెట్టి తోమి ఉంది. కుడితి కుండను ఎవరైనా అట్లా తోముతారా? నేను తొట్టి వైపు పోకుండా గుండిగ అడుగున మిగిలిన చిక్కటి గంజిని కుండ నిండా పోశాను. ఆమె కుండలోకి చూసింది, నా మొహంలోకి చూసింది. కుండ చంకకెత్తుకుని వెళ్లిపోయింది.

మరునాడు కూడా వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. నేను ఆమె కోసం అడుగు గంజి తీసి పక్కన పెట్టేవాణ్ని. "ఆవు ఎట్లుండాది అక్కా?" అని అడిగేవాణ్ని. "ఇంచుక మేలప్పా, లేసి కూచ్చుంటాండాది" అనేది. ఆవు లేచి కూర్చోవడమేమిటి అని నేను అడగలేదు, ఆమె దిద్దుకోలేదు. ఒక్కోసారి ఆమె మొహంలో నవ్వు లాంటిది కదిలేది. నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే ఆ కొద్ది వారాలే. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసి గర్వపడ్డాను కూడా.

ఇంకొకటి కూడా నాకు తెలుసు. తెలియదని చెప్పుకుంటే నా పని సులువవుతుంది, కానీ తెలుసు. ఒక రోజు బావి నుంచి వస్తుంటే పెద్దాయన లోపలి నుంచి కేకేశాడు. నేను గడప దగ్గర నిలబడ్డాను. ఎముకల గూడు. కానీ గొంతు మాత్రం బాగా బతికిన మనిషి గొంతు. "గంజి పోసే పిల్లోడివి నువ్వేనా? బాగ పొయ్యప్పా. మాకేం కొదవ ల్యాదు. మా కోడలి పుట్టింటోళ్లు గింజలు పంపినారు. మా పాలిది కూడా ల్యానోళ్లకు పొయ్యి" అన్నాడు. ఆయన వెనక రామక్క నిలబడి ఉంది. నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది, చాలా కొంచెంగా. "అట్లే పెద్దాయనా" అని వచ్చేశాను. వెనకటి కరువులో ఆయన తన జొన్నల పాతర తెరిచి ఊరికి కొలిచి పోశాడని ఆ సాయంత్రమే ఊళ్లోవాళ్లు చెప్పారు. అంటే నాకు మొత్తం తెలుసు. ఆ ముసలాయన నోట్లోకి పోతున్నది నేను పోసిన గంజి అని, అది తెలిస్తే ఆయన నోరు మూసుకుంటాడని. ఇది మీరు గుర్తు పెట్టుకోవాలి. నేను తెలియక చేయలేదు.

కొన్నాళ్లకు మాకు బియ్యం పంపే సంఘం పెద్దలు కోస్తా నుంచి జీపులో వచ్చారు. బియ్యం తగ్గిపోతోందనీ, ఏ కేంద్రాన్ని ఉంచాలో ఏది మూయాలో చూసుకోవడానికి వస్తున్నారనీ మాకు ముందే కబురు అందింది. ఆ రోజు పొద్దున్నుంచీ నా కాళ్లు నేల మీద నిలవలేదు. పందిరి కింద ఊడ్పించాను. జనాన్ని వరసలో సరిగ్గా నిలబెట్టాను. అంతా బాగా జరిగింది. గంజి అయిపోయింది, జనం పందిరి నీడన కూర్చుని తాగుతున్నారు, వచ్చినవాళ్లు ఇంకా కదల్లేదు. అప్పుడు రామక్క వచ్చింది. జీపును చూసి కాస్త తటపటాయించింది. నేనే రమ్మని చెయ్యి ఊపాను. కుండ అందుకుని అలవాటు ప్రకారం పోశాను.

వచ్చినవాళ్లలో పెద్దవాడు, ఖద్దరు కట్టుకున్న మనిషి, దగ్గరికి వచ్చి కుండలోకి తొంగి చూశాడు.

"ఇదేమిటండీ? ఎవరికిది?"

నా పక్కనున్న వాలంటీరు, వాడికి ఏమీ తెలియదు, "వాళ్ల ఆవుకు కుడితండీ" అన్నాడు.

"కుడితా? ఇది నిక్షేపమైన గంజి కదయ్యా! మా ఊళ్లో ఆడవాళ్లు తమ పిల్లల కంచాల్లోంచి తీసి ఇచ్చిన బియ్యం ఇది. మీరు పశువులకు పోస్తున్నారా?"

ఒక్క అబద్ధం సరిపోయేది. మాడింది, అడుగంటింది, మనుషులు తాగరు అంటే సరిపోయేది. రోజూ ఆమెతో కలిసి ఆడుతున్న అబద్ధమే. ఇన్ని రోజులు ఆడినవాణ్ని ఆ ఒక్క పూట ఎందుకు ఆడలేకపోయాను? లేదా తిట్లు పడి ఊరుకోవచ్చు. తిట్లు తింటే చచ్చిపోతానా? ఇన్నేళ్లుగా ఆ క్షణం దగ్గరికి పోయి నిలబడుతున్నాను. కేంద్రం మూసేస్తారేమోనన్న భయం ఉంది, నిజమే. దాని కింద ఇంకొకటి ఉంది. దొంగలా దొరికిపోయానన్న రోషం. నేను దుబారా చేసేవాణ్ని కాదు, మీకంటే ఎక్కువ తెలిసినవాణ్ని అని ఆయనకు చూపించాలన్న తహతహ.

"వాళ్లింట్లో గొడ్లు లేవండీ" అన్నాను. "ఎప్పుడో అమ్మేశారు. ఈ గంజి తాగేది వీళ్లే. ఈవిడా, మంచాన పడ్డ మామగారూ. వరసలో నిలబడటానికి సిగ్గుపడి ఆవు పేరు చెబుతున్నారు. నాకు తెలిసే పోస్తున్నాను."

గట్టిగానే అన్నాను. పందిరి కింద అందరికీ వినపడింది. ముంతలు నోటి దగ్గర పెట్టుకున్న వాళ్లు అలాగే ఆగిపోయారు. నా నోట్లోంచి వచ్చిన మాటలు నాకే వినపడ్డాయి. వెనక్కి తీసుకోవాలని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆ పెద్దమనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. నా భుజం తట్టాడు. ఆ క్షణం కాస్తా గడిచిపోయింది.

ఇంతటితో ఆగి ఉంటే కూడా బాగుండేది. వాళ్లతో ఒక ఫొటోగ్రాఫరు వచ్చాడు. ఇలాంటి ఇంటి ఆడమనిషి వరసలో నిలబడిన బొమ్మ ఒకటి ఉంటే మా వైపు జనం కదులుతారు, బస్తాలు బస్తాలు ఇస్తారు అన్నాడు పెద్దమనిషి. ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే ఏడుస్తున్నాడు. నేను గంజి తాగేసిన వాళ్లను లేపి, ఖాళీ ముంతలతో మళ్లీ వరస కట్టించాను. రామక్క కుండ చంకన పెట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. నేను పోయి ఆమె మణికట్టు పట్టుకున్నాను. పరాయి ఇంటి కోడలిని, ఊరంతా చూస్తుండగా, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి వరసలో నిలబెట్టాను. ఆమె గుంజుకోలేదు. అంత సన్నటి చెయ్యి నేను అంతకుముందు పట్టుకోలేదు. కొంగు మొహం మీదికి లాక్కుంది. ఫొటోగ్రాఫరు నా వైపు చూశాడు.

"అక్కా, రోంత మొగం సూపించు. ఊరికి మంచిదే" అన్నాను.

ఆమె కొంగు తీసింది.

జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్లాక చూస్తే ఆమె లేదు. కుండ నేల మీద ఉంది, గంజి నిండుగా.

మరునాడు ఆమె రాలేదు. సిగ్గుపడి ఉంటుంది, రేపు వస్తుంది అనుకున్నాను. ఆ మరునాడూ రాలేదు. నేను పోలేదు. ఎందుకు పోలేదు అంటే, పని ఉంది. లారీలు వచ్చాయి. నిజంగానే వచ్చాయి, ముందుకంటే రెట్టింపు బియ్యం, పాలపొడి, దుప్పట్లు. మా కేంద్రం మూయలేదు సరికదా, పక్క ఊళ్లలో కొత్తవి తెరిచారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆమె ఇల్లు బావి దారిలోనే ఉంది. నేను ఆ రోజుల్లో చుట్టూ తిరిగి ఇంకో దారిన పోయాను. ఇది పని వల్లనా?

చివరికి వారం గడిచాక ఆమె కుండనే కడిగి, గంజి పోసుకుని పోయాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలిచాను. రామక్క వచ్చి తలుపు సందులో నిలబడింది. కళ్లు లోపలికి పోయాయి. క్షమించమనడానికి వచ్చానని మీరు అనుకుంటారు. నా నోటికి వచ్చింది వేరే.

"ఆవుకు కుడితి తెచ్చినా అక్కా" అన్నాను.

ఆమె నా చేతిలోని తన కుండను చూసింది.

"ఈ ఇంట్లో ఆవు ల్యాదప్పా. నువ్వే సెప్పినావు గదా, అందరి ముందరా."

"పెద్దాయన ఎట్లుండాడు?"

"ఆయప్పకు తెలిసిపోయింది. ఎవరో వచ్చి, నీ కోడలి ఫొటో తీసినారంట, పేపర్లో వేస్తారంట అని సెప్పినారు. మంచిమాట సెప్పినామనే అనుకున్యారు వాళ్లు. ఆ పొద్దు నుంచి నోరు తెరవల్యా. నిన్నటి నుంచి నీళ్లు కూడా వద్దంటాండాడు. అబద్ధం సెప్పి తినిపిస్తివని నన్ను ఒక్క మాట అన్నాడా అంటే, అదీ ల్యాదు. తిట్టింటే బాగుండు."

"నేను సెప్పి చూస్తా అక్కా."

"ఏమని సెప్తావు?"

ఆమె భుజం మీదుగా లోపలికి చూశాను. పెద్దాయన మంచం మీద ఇటు తిరిగి పడుకుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూశాడు. అంత శక్తి ఎక్కడి నుంచి వచ్చిందో, మెల్లగా గోడ వైపు తిరిగాడు. లోపలికి పోయి ఆయన కాళ్లు పట్టుకోవాల్సింది. పట్టుకుంటే తాగేవాడో లేదో తెలియదు. నేను చేసింది ఏమిటంటే, "వస్తానక్కా" అని కుండ పట్టుకుని వెనక్కి తిరిగాను. కనీసం కుండ గడప దగ్గర పెట్టి అయినా రాలేదు. కేంద్రానికి వచ్చి ఆ గంజిని కుడితి తొట్టిలో పోశాను. ఎందుకు అలా చేశానో ఈ రోజుకీ నాకు అర్థం కాదు. ఎవరికైనా ముంతలో పోయవచ్చు కదా?

రెండు మూడు రోజుల్లో పెద్దాయన పోయాడు. బియ్యం లారీలు ఆగి ఉన్న ఊళ్లో ఒక మనిషి తిండి లేక చచ్చిపోయాడు. తాసీల్దారు ఆఫీసు నుంచి మనిషి వచ్చి, ఆకలి చావేమైనా ఉందా అని నన్నే అడిగాడు. ముసలితనం అని చెప్పాను. వెంటనే, తడుముకోకుండా. ముందు ఆడలేకపోయిన అబద్ధం అప్పుడు ఎంత సులువుగా వచ్చిందో చూసి నేనే నిర్ఘాంతపోయాను. పెద్దాయన కర్మకాండలు అయ్యాక రామక్క ఇంటి తలుపుకు కంప అడ్డం వేసి వెళ్లిపోయింది. మైసూరు వైపు మొగుణ్ని వెతుక్కుంటూ పోయిందని కొందరు, పుట్టింటికని కొందరు. పుట్టింట్లో మాత్రం ఎవరున్నారు, గింజలు పంపేవాళ్లు?

ఊరు నన్ను ఒక్క మాట అనలేదు. జరిగిందంతా కళ్లతో చూసినవాళ్లే. ముసలివాళ్లు ముందులాగే దండం పెట్టారు. అది చూసి మొదట గుండె కుదుటపడింది. నేను అంత తప్పేమీ చేయలేదేమో అనుకున్నాను. గరిటె పట్టుకున్నవాణ్ని వరసలో ఉన్నవాళ్లు ఎట్లా అంటారన్న ఆలోచన నాకు ఎన్నో ఏళ్ల తర్వాత గాని రాలేదు.

ఆ ఫొటో కరపత్రం మీద వేశారు. కోస్తా పట్నాల్లో పంచారు. ఒకటి నాకూ పంపారు. అందులో ఆమె కెమెరా వైపు చూడటం లేదు, పక్కకు చూస్తోంది. ఆ పక్కన నిలబడింది నేను. బొమ్మలో నా మోచేయి మాత్రమే పడింది. దాన్ని చూసి ఎంతోమంది ఏడ్చి ఇచ్చారు. ఆ బియ్యంతో ఎంతోమంది బతికారు. ఇది నిజం, దీన్ని నేను చాలా ఏళ్లు మందులా వాడుకున్నాను. ఒకాయన పోతే ఇంతమంది బతికారు కదా అని. లెక్క సరిపోయేది, నిద్ర మాత్రం పట్టేది కాదు. ఆ ఇద్దరినీ బజారున పెట్టకపోయి ఉంటే బియ్యం వచ్చేది కాదా? ఏమో. నేను ఆ మాట అన్నది బియ్యం కోసం కాదని మాత్రం నాకు తెలుసు.

ఆ తర్వాత నన్ను చాలా చోట్లకు పిలిచారు. తుఫాను వస్తే సముద్రం ఒడ్డు ఊళ్లకు పోయాను. వరదలు వస్తే ఉత్తరాదికి, మాట రాని చోటికి కూడా పోయాను. మాట రాకపోయినా గంజి పోయవచ్చు. అరవైల మొదట్లో కొత్త వాలంటీర్లకు పని నేర్పమని నాకు అప్పగించారు. పుచ్చుకునేవాళ్ల మొహం చూడొద్దని, వాళ్లు ఏ పేరు పెట్టి అడిగితే ఆ పేరుతోనే పొయ్యాలని, వాళ్ల గుట్టు అన్నం కంటే తక్కువేమీ కాదని చెబుతాను. అది చెప్పడానికి రామక్క కథ చెబుతాను. అవును, చెబుతాను. ఇన్నేళ్లుగా చెబుతున్నాను. ఒక ఊళ్లో ఒక వాలంటీరు ఉండేవాడు, వాడు ఇలా చేశాడు అని. వింటున్న పిల్లలు వాణ్ని తిడతారు. నేనూ కలిసి తిడతాను. కథ బాగా చెబుతానని పేరు కూడా ఉంది.

పోయిన నెల ఒక శిక్షణ శిబిరంలో ఈ కథ ముగించాక ఒక అమ్మాయి లేచింది. కర్నూలు వైపు పిల్ల, నర్సు చదువుతోంది. అందరిలా తిట్టలేదు. "ఆయన మళ్లీ సేవకు వచ్చినాడా సార్?" అని అడిగింది.

ఇన్నేళ్లలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. పిల్లలందరూ నా మొహం చూస్తున్నారు.

"రాలేదమ్మా. సిగ్గుతో మానుకున్నాడు" అన్నాను.

ఆమె తృప్తిగా తల ఊపి కూర్చుంది. అలా కావడమే న్యాయం అన్నట్టు. ఆ తల ఊపు చూసిన దగ్గర్నుంచీ నా మనసు నిలవలేదు. ఇంత కాలం ఒక తప్పును దాచాను. ఆ రోజు దాన్ని చేసిన వాడికి సిగ్గు కూడా ఉందని నేనే పుట్టించి చెప్పాను.

అమ్మా, నువ్వు ఇది చదువుతావో లేదో తెలియదు. నీకు చెప్పిన జవాబు తప్పు. వాడు మానుకోలేదు. ప్రతి కరువుకూ వచ్చాడు, ప్రతి వరదకూ వచ్చాడు. నీ ఎదురుగా నిలబడి పాఠం చెప్పింది వాడే. నన్ను క్షమించవలసిన మనిషి గోడ వైపు తిరిగి పోయాడు, రామక్క ఎక్కడుందో నేను వెతకను కూడా వెతకలేదు. కాబట్టి క్షమాపణ మాట ఎత్తను. వాడు నేనే అని ఒక్కసారి నా చేత్తో రాయాలనిపించింది. రాశాను.